ఉతికేసిన స్వెట్టర్

“అమ్మా! తన్నింది!”

పాకలోంచి మా అబ్బాయి కేక వినగానే టీ వడపోత సింకులో పడేసి పరుగెత్తాను. పెరటి గుమ్మం దాటేలోపే నాకు అంతా కనబడిపోయింది. రెండు ముక్కలైన మోకాలిచిప్ప, అంబులెన్సు, కోడలి ఏడుపు, జీవితాంతం చేతికర్ర. తీరా వెళ్ళి చూస్తే వాడు పేడలో చతికిలబడి, ఖాళీ బకెట్టు ఒళ్ళో పెట్టుకుని, ఆవు వంక గుడ్లప్పగించి చూస్తున్నాడు.

“ఎక్కడ తగిలిందిరా? కాలు ముడవగలుగుతున్నావా? కళ్ళేమైనా తిరుగుతున్నాయా?”

“మోకాలికి తగిలితే కళ్ళెందుకు తిరుగుతాయమ్మా?”

“తిరుగుతాయిరా. లోపల నరం ఏదైనా...”

“బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడంలో నీ తర్వాతే ఎవరైనా,” అంటూ వాడు లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

ఆవు మచ్చ మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోలేదు. మెడ సాగదీసి, గుమ్మం వైపు చూస్తూ అంబా అని అరిచింది. మొన్న మధ్యాహ్నం మా పెద్దమ్మాయి సంచి భుజాన వేసుకుని ఆ గుమ్మంలోంచే వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఈ ఆవు చూపు అటే. పొదుగు వైపు వంగి చూశాను. చర్మం బిగిసిపోయి నిగనిగలాడుతోంది. చన్నులు నాలుగూ నిగడదన్ని ఉన్నాయి.

“ఒక్క చుక్క కూడా రాలేదా?”

“చెయ్యి వెయ్యనిస్తే కదా చుక్కల సంగతి.”

ఈనిన రోజే దూడ పోయింది దానికి. దూడ లేని ఆవు చేపదు, పాలు కిందికి దించదు అని అందరూ చేతులెత్తేశారు. మా పెద్దది మాత్రం దాని మెడ కింద తల ఆనించుకుని రోజుల తరబడి ఆ పాకలోనే కూర్చుంది. చివరికి మచ్చ చేపింది. దాని చేతికి మాత్రమే చేపింది. ఇంట్లో ఎవరికీ అదొక ఇబ్బందిగా అనిపించలేదు. పెద్దది ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది కదా మరి.

వసారాలోకి వచ్చేసరికి మా వదిన, అంటే ఆయన అక్కగారు, ఖాళీ కప్పు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఏటా సెలవులకి మా ఇంటికే వస్తుంది. వచ్చిన రోజు నుంచి వెళ్ళే రోజు దాకా మా ఇల్లు శుభ్రం చేస్తుంది. వద్దంటే బాధపడుతుంది, సరేనంటే మేం బాధపడతాం.

“పాలొచ్చాయా?”

“లేదు వదినా.”

“పాలిచ్చే ఆవు తన్నినా పడాలన్నారు పెద్దలు.”

“పాలిస్తే పడదును అత్తా,” అన్నాడు మా అబ్బాయి కుంటుకుంటూ వచ్చి. “ఇది తన్నొకటే ఇచ్చింది.”

వాడి పిల్లలిద్దరూ పరుపుల మీద దొర్లి నవ్వారు. కోడలు మూతి బిగించుకుని లోపలికి వెళ్ళి మొగుడి మోకాలికి రాయడానికి మందు తెచ్చింది.

ఆయన ఓ మూల పంపు మోటారు విప్పుకుని కూర్చున్నారు. అది చెడిపోలేదు. మొన్నటి నుంచి ఆయన బాగున్నవన్నీ విప్పి బాగుచేస్తున్నారు.

“డాక్టరుకి ఫోన్ చేశావా?” అని అడిగారు మోటారును.

“చేశాను నాన్నా,” అన్నాడు మా అబ్బాయి. “పశువుల డాక్టరు గారు సెలవులకి వెళ్ళారట. వచ్చే వారం గానీ రారు. ఆయన దగ్గర పనిచేసే మనిషి ఎత్తాడు. పాలు తియ్యకుండా ఇలాగే వదిలేస్తే పొదుగువాపు వస్తుందట, జ్వరం వస్తుందట. ఆ తర్వాత మాదేం లేదండీ అన్నాడు.”

నేను కుర్చీ వీపు పట్టుకున్నాను.

“చూశారా! నేను ముందే అన్నాను.”

“నువ్వు అననిది ఏముంది?” అన్నారాయన. “గ్యాసు లీకవుతోందన్నావు. కప్పు ఉరుస్తుందన్నావు. పిల్లలు తోటలోకి వెళ్తే పామన్నావు. అన్నీ అంటే ఒకటి తగలకపోతుందా?”

“కీడెంచి మేలెంచమన్నారండీ.”

“కీడెంచడం అయ్యాక మేలెంచడానికి నీకు టైమెక్కడిది?”

వదిన నవ్వింది. నేను నవ్వలేదు.

“పెద్దదాన్ని పిలవండి,” అన్నాను.

స్పానర్ ఆగింది. పిల్లలు కూడా ఆట ఆపేశారు.

“నేను పంపించానా? తనంతట తను వెళ్ళింది. తనంతట తనే రావాలి.”

“మీరు పాకను టేపు పెట్టి కొలిచారు. అది లోపల కూర్చుని పాలు పితుకుతుంటే, దాని తల మీంచి టేపు సాగదీసి కొలిచారు.”

“కొలవకుండా గదులెలా కడతారు?” ఆయన గొంతు పెరిగింది. “ఎవరికోసం? వచ్చే సెలవులకల్లా అక్కడ నాలుగు గదులు లేస్తే బయటివాళ్ళు వచ్చి ఉంటారు, ఇల్లు నడుస్తుంది. రేపు మనం పోయాక ఆ పిల్లకి ఓ ఆధారం ఉంటుంది. ఆవును నరికెయ్యమన్నానా? మంచివాళ్ళెవరైనా ఉంటే ఇచ్చేద్దాం అన్నాను. అంతేగా?”

“‘అయితే నన్ను కూడా మంచివాళ్ళెవరికైనా ఇచ్చెయ్యండి’ అంది అక్క,” అన్నాడు మా అబ్బాయి నెమ్మదిగా. “అని కంచం ముందు నుంచి లేచిపోయింది.”

పాకలోంచి మచ్చ మళ్ళీ అరిచింది.

“నలభైకి దగ్గర పడుతున్న మనిషి అలగడమేమిటమ్మా,” అంది వదిన. “అలగడానికీ ఓ వయసుండాలి.”

ఆయన స్పానర్ తిప్పడం మొదలుపెట్టారు. అది ఏ నట్టు మీదా లేదు.

* * *

సెలవులన్నాళ్ళూ ఇంట్లో అందరికీ పక్కలు వేసేది నేనే. ఎవరికి తలగడ ఎత్తుగా ఉండాలో, ఎవరికి ఫ్యాను పడదో నాకు తెలుసు. స్నానాల గది ముందు తువ్వాళ్ళు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు. ప్లగ్గు ఉన్న చోటల్లా ఒక ఫోను వేలాడుతోంది. ఇంతమందిలో నాకు ఒక్క మాట చెప్పుకోవడానికి మనిషి లేదు.

రోజూ సాయంత్రం పెద్దది పాలు పితుకుతుంటే నేను పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చునేదాన్ని. ఆ రోజుకి నాకొచ్చిన భయాలన్నీ చెప్పేదాన్ని. ఆయన దగ్గు, అబ్బాయి బండి స్పీడు, గోడ మీది బీట. అది ఊఁ కొట్టేది. వినేదో లేదో నాకు తెలియదు. పాలధార బకెట్లో పడే చప్పుడుకి సగం మాటలు కలిసిపోయేవి. లేచేసరికి మాత్రం ఒళ్ళు తేలికయ్యేది.

ఇప్పుడది ఫోను ఎత్తడం లేదు. లోకంలో ఎవరైనా ఫోను ఎత్తకపోతే ఛార్జింగు అయిపోయిందనుకుంటారు. నేను మాత్రం రైలు పట్టాలు చూస్తాను, ఆసుపత్రి మంచాలు చూస్తాను. ‘బాగున్నాను’ అని ఒక్క ముక్క పంపింది మొన్న. బస్టాండు అవతల నర్సుగా పనిచేసే స్నేహితురాలి గదిలో ఉందని కోడలి ద్వారా తెలిసింది. బాగున్నవాళ్ళు బాగున్నామని ఎందుకు రాస్తారు?

అప్పుడు గుర్తొచ్చింది నాకు స్వెట్టర్.

పాక తలుపు వెనక మేకుకి ఉంటుంది అది. ఊదారంగుది, మోచేతుల దగ్గర అతుకులు వేసినది. చలికాలం పొడుగునా పాల వేళకి పెద్దది అదే తొడుక్కుంటుంది. ఉతకనివ్వదు. మచ్చకు కావలసింది ఆ వాసనే కదా! నేను అది తొడుక్కుని, తల వంచుకుని, నోరు మూసుకుని కూర్చుంటే మోసపోదా?

పరుగున వెళ్ళి తలుపు వెనక చూశాను. మేకు ఒక్కటే ఉంది.

గడ్డి కింద వెతికాను. తొట్టి వెనక వెతికాను. పెద్దది పట్టుకెళ్ళిపోయిందేమో అనుకున్నాను. పట్టుకెళ్ళిందంటే ఇంక రాదన్నమాటే కదా అనుకుని అక్కడే కూలబడ్డాను. లేచి బయటికొచ్చేసరికి కనబడింది. దండెం మీద, పిల్లల గౌన్లకీ వదిన తువ్వాళ్ళకీ మధ్య, రెండు క్లిప్పులకి వేలాడుతోంది. చేతులు రెండూ కిందికి వదిలేసి.

“వదినా, ఆ స్వెట్టర్ ఎవరు ఉతికారు?”

“ఇంకెవరు? నేనే,” అంది వదిన వసారాలోంచే. “పాక తలుపు తియ్యగానే ఏం కంపమ్మా! ఇంటినిండా మనుషులున్నప్పుడు అలా వదిలేస్తారా? ఓ రాత్రంతా నానబెట్టాను. ఆ నీళ్ళు చూడాల్సింది నువ్వు, చిక్కటి టీ అనుకో. తర్వాత వాసన మందు వేసి ముంచి తీశాను. ఇప్పుడు చూడు, మల్లెపూలే.”

దాన్ని దండెం మీంచి తీసి మొహానికి ఆనించుకున్నాను. మల్లెపూలే. ఎండుగడ్డి లేదు. పాల జిడ్డు లేదు. పెద్దది తలకి రాసుకునే నూనె లేదు. ఏ దుకాణంలో అయినా దొరికే స్వెట్టర్.

“ఏం మరదలా, అలా నిలబడిపోయావు? కుంచించుకుపోయిందా?”

“లేదు వదినా. శుభ్రంగా ఉంది.”

ఆమె తప్పేముంది? పాపం, వేళ్ళు ఒరుసుకుపోయేలా ఉతికింది. కోప్పడడానికి కూడా నాకు మనిషి దొరకలేదు.

అయినా తొడుక్కున్నాను. మచ్చ మూతి చాచి నా చెయ్యి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తుమ్మింది. తర్వాత నా భుజం మీంచి గుమ్మం వైపు చూస్తూ నిలబడింది.

* * *

సబ్బులు తేవాలని చెప్పి బస్సెక్కాను.

నర్సు గది ఒక టైలరు షాపు పైన. మెట్లు షాపు లోపలి నుంచే. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో టైలరు అరిచాడు.

“కాలు చూసుకోండమ్మా! బొత్తాలు! బొత్తాలు తొక్కేస్తారు!”

నేల మీద రంగురంగుల గుడ్డలు కుప్పలు పోసి ఉన్నాయి. అతని మెడలో టేపు, పళ్ళ మధ్య గుండుసూదులు. ఆ సూదులు ఎక్కడ మింగేస్తాడోనని నాకు అప్పుడే గొంతులో గుచ్చుకున్నట్టయింది. మొన్న ఆయన చేతిలో ఉన్న టేపు కూడా గుర్తొచ్చింది.

“మా అమ్మాయి పైన...”

“పైనెందుకుంటుంది? నేను ఉండనిస్తానా? సెలవులండీ! ప్రతివాడికీ రేపటికే కొత్త బట్టలు కావాలి. మీ అమ్మాయి సమయానికి దేవుడు పంపినట్టొచ్చింది. ఏం చేతులండీ అవి! దారం లాగిందంటే గుడ్డ కుయ్యోమనాల్సిందే.”

“పాలు పితికే చేతులండి,” అన్నాను.

మూల స్టూలు మీద పెద్దది తలెత్తింది. ఒళ్ళో ఎవరిదో చొక్కా, చేతిలో సూది. రెండు రోజులకే చిక్కిపోయినట్టనిపించింది నాకు. తిన్నావా అని అడగబోయి, అడిగితే విసుక్కుంటుందని మానేశాను.

“నాన్న పంపారా?”

“లేదే.”

దాని చూపు మళ్ళీ చొక్కా మీదికి దిగిపోయింది. “మరి?”

“మచ్చ చచ్చిపోయేలా ఉందే.”

సూది ఆగలేదు.

“పోయినేడు నేను బస్సు తప్పి కాస్త ఆలస్యంగా వస్తే పోలీసులకి ఫోన్ చేశావు. తమ్ముడు తుమ్మితే నిమోనియా అన్నావు. నాన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ముక్కు కింద వేలు పెట్టి చూశావు.”

“ఛాతీ కదల్లేదే అప్పుడు...”

టైలరు గుండుసూదుల మధ్య నుంచే కిసుక్కున నవ్వాడు. “ఇంటింటికీ ఒకరుంటారు లెండి. మా ఇంట్లో మా మామగారు.”

“ఈసారి నిజంగానే,” అన్నాను.

“ప్రతిసారీ అదే మాటంటావమ్మా నువ్వు.”

అవును. ప్రతిసారీ అదే అంటాను. ఇన్నేళ్ళూ నా భయాన్నంతా చిల్లరలా ఖర్చుపెట్టేశాను. అసలైన రోజు వచ్చేసరికి నా మాటకి విలువ మిగల్లేదు. ఏం చెప్తే నమ్ముతుందో తెలియక చూసింది చూసినట్టు చెప్పాను. పొదుగు ముట్టుకుంటే వేడిగా ఉంది. కుడి వెనక చన్ను రాయిలా ఉంది. పొద్దున కుడితి సగం వదిలేసింది.

సూది ఆగింది.

“కుడితి వదిలేసిందా?”

“మూతి పెట్టి తీసేసింది.”

“నా స్వెట్టర్ వేసుకోకపోయావా? తలుపు వెనకే ఉంటుందిగా.”

“మీ అత్త ఉతికేసింది.”

పెద్దదానికి నవ్వొచ్చింది. మొన్నటి నుంచి మా ఇంట్లో ఎవరూ అలా నవ్వలేదు. “బాగా ఉతికిందా?”

“మల్లెపూల వాసనొస్తోంది.”

“అయితే బాగానే ఉతికింది,” అంది. నవ్వు ఎక్కడ ఆగిందో తెలియలేదు. చొక్కాని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

“ఇంటికి రావే.”

“వచ్చి ఏం చెయ్యను? పాక తీసేశాక వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ పక్కలు వేసుకుంటూ కూర్చోనా?”

“నేను వేస్తున్నానుగా.”

“అందుకే చెప్తున్నా.”

టైలరు ఉన్నట్టుండి మిషను గట్టిగా తొక్కాడు. మంచివాడే. వినకూడనిది వినకుండా ఉండడానికి అతనికి ఉన్న సాధనం అదొక్కటే.

“నాన్నని అడుగు,” అంది పెద్దది మిషను చప్పుడులో. “నన్నొకసారి అడిగారా? పెద్దదానా, ఇలా అనుకుంటున్నాం, నువ్వేమంటావు అని? ఆవుని అడగలేదంటే అర్థం ఉంది. దానికి మాట రాదు కాబట్టి.”

నేను నేల మీది బొత్తాలు ఏరడం మొదలుపెట్టాను. ఏదో ఒకటి చెయ్యకపోతే ఏడ్చేస్తాననిపించింది. గుప్పెడు నిండాక తలెత్తేసరికి అది మెడకి చుట్టుకున్న స్కార్ఫు విప్పుతోంది.

“ఇదిగో. పాల వేళకి ఇదే చుట్టుకుని ఉండేదాన్ని, మొన్నటి నుంచీ మెడ మీదే ఉంది. నీ మెడకి చుట్టుకో. వేడినీళ్ళలో గుడ్డ పిండి పొదుగు తుడువు, మెల్లగా. నోరు విప్పకు. నువ్వు భయపడితే దానికి తెలిసిపోతుంది.”

“భయపడకుండా ఎలా ఉంటారే?”

“ఈ ఒక్క పూట. దానికోసం.” స్కార్ఫు నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. “పొద్దుగూకాక నేనే ఫోన్ చేస్తాను. చేపిందా, సరే. ఇక రోజూ నువ్వే తియ్యచ్చు. అలవాటు పడుతుంది. టైలరు గారు సెలవులయ్యాక కూడా పని ఉందంటున్నారు, నేనిక్కడే ఉండిపోతాను. చేపలేదంటే మాత్రం ఆఖరి బస్సుకి వచ్చేస్తాను.”

“ఉంచేసుకుంటామండి,” అన్నాడు టైలరు మిషను ఆపి, సంతోషంగా. “సొంత మనిషిలా చూసుకుంటాం.”

సొంత మనిషి! ఆ మాట అతనికి ఎంత సులువుగా వచ్చింది!

తిరుగు బస్సులో స్కార్ఫు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ మూసేశాను, గాలికి వాసన పోతుందని. ఎండుగడ్డి, పాలు, తలనూనె. సగం దారిలో నాకు తెలిసొచ్చింది నేను ఏం మోసుకెళ్తున్నానో. ఈ గుడ్డ పనిచేస్తే మచ్చ బతుకుతుంది. ఈ గుడ్డ పనిచేస్తే పెద్దది రాదు.

* * *

“సబ్బులేవి?” అంది వదిన, నేను గేటు తియ్యగానే.

“దొరకలేదు వదినా.”

“సబ్బులు దొరకని షాపేమిటమ్మా?”

లోపల ఏదో ఆట ఆడుతున్నారు. మా అబ్బాయి ఓడినట్టున్నాడు, పిల్లలు కేరింతలు కొడుతున్నారు. కోడలు నా వంక చూసి, “అత్తయ్యా, మీకు టీ పెట్టనా? ప్యాకెట్ పాలున్నాయి,” అంది. వద్దన్నాను. నీళ్ళు కాచుకుని పాకకి వెళ్ళాను.

మచ్చ పడుకోలేక నిలబడి ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టుకుని, తల వేలాడేసి. అరవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది. స్కార్ఫు మెడకి చుట్టుకున్నాను. పెద్దది కూర్చునే స్టూలు మీద కూర్చున్నాను. నేనెప్పుడూ ఆ స్టూలు మీద కూర్చోలేదు, నాది పక్కన బోర్లించిన బకెట్టు.

వేడిగుడ్డతో తుడిచాను. కాలు లేపింది. నా నోటిదాకా ఎన్ని మాటలొచ్చాయో! అన్నీ మింగేశాను. మింగుతుంటే తెలిసింది ఎంత చేదో.

స్టూలు మీంచి చూస్తే మా ఇల్లు కనబడుతోంది. కిటికీల్లో దీపాలు, నీడలు, నవ్వులు. వంటింటి గుమ్మం కనబడుతుంది గానీ వంటింట్లో మనిషి కనబడదు. రోజూ ఇక్కడి నుంచి పెద్దదానికి ఇలాగే కనబడేదన్నమాట. ఎవరిదో ఇల్లులా.

మచ్చ మెడ తిప్పింది. మూతి నా భుజం మీద పెట్టి స్కార్ఫు వాసన చూసింది. పొడుగ్గా ఊపిరి వదిలింది. ఆ వెచ్చదనం నా చెవి కిందకి పాకింది. దాని కాలు కిందికి దిగింది. నా అరచేతిలో చన్ను మెత్తబడి నిండింది.

చేపింది.

మొదటి ధార గోడకి కొట్టింది, రెండోది బకెట్లో పడింది. ఆ తర్వాత నేను ఆపలేదు. రాయిలా ఉన్న చన్ను మొదట చిక్కగా, గడ్డలుగడ్డలుగా ఇచ్చింది. ఆ గడ్డల్ని పక్కన పారబోశాను. ఆ తర్వాత మామూలుగా వచ్చింది. చేతులు పీక్కుపోతున్నా ఆపలేదు. ఏడుస్తున్నానని కూడా చాలాసేపటికి గానీ తెలియలేదు. బతికింది. బకెట్టు అంచుదాకా నురగ లేచింది. మచ్చ తొట్టిలో మూతి పెట్టి, పొద్దున వదిలేసిన కుడితి జుర్రుకుని తాగింది.

పెద్దదాన్ని ఈ ఇంటికి కట్టి ఉంచిన పలుపుతాడు ఇది ఒక్కటే. దాన్ని నా చేత్తోనే విప్పేశాను.

బయట రాతిబండ దగ్గర వదిన మధ్యాహ్నం కలిపిన సబ్బునీళ్ళ తొట్టి ఉంది. ఇంకా నురగ ఉంది. స్కార్ఫు విప్పాను. ఒక్కసారి మొహానికి ఆనించుకున్నాను. తర్వాత నీళ్ళలో ముంచేశాను. అది పైకి తేలింది. మళ్ళీ నొక్కి పట్టుకున్నాను.

“అది దానిదే కదూ?”

ఉలిక్కిపడ్డాను. ఆయన. ఎప్పుడొచ్చారో, భుజాన తువ్వాలు, చేతులకి ఇంకా మోటారు మడ్డి.

“అరుపు వినబడడం లేదు. ఏమైందోనని వచ్చాను,” అన్నారు. పాకలోకి తొంగిచూశారు. బకెట్టు చూశారు. నా మోచేతుల దాకా ఉన్న నురగ చూశారు. “పాలిచ్చిందిగా. మరి దాన్నెందుకు తడిపావు?”

“మురికైంది.”

ఆయన నా వంక చాలాసేపు చూశారు. ఏదో అనబోయారు. అంతలో నా ఫోను మోగింది.

తడిచేత్తోనే ఎత్తాను.

“అమ్మా, చేపిందా?”

నోరు తెరిచాను. మళ్ళీ పైకి తేలిన స్కార్ఫుని నొక్కాను.

“వినబడుతోందా? ఎక్కడున్నావు, పాకలోనేనా?”

“ఆఁ, పాక దగ్గరే.”

“మరి మచ్చ అరవట్లేదేంటి?”

నేను ఆయన వంక చూశాను, దాని గొంతు ఆయనకీ వినబడుతోంది. ఆయన పాకలోకి వెళ్ళి, భుజం మీది తువ్వాలు తీసి, బకెట్టు మీద కప్పారు. అంచులు సర్దారు. నా మొహంలోకి చూడకుండా గోడవైపు తిరిగి నిలబడ్డారు.

“అమ్మా, మాట్లాడవేం? దానికేమైనా అయిందా? నిజం చెప్పు. నువ్వు రోజూ చెప్పే నిజం కాదు, అసలు నిజం.”

ఆ గొంతులో వణుకు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ అది నా గొంతులోనే ఉండేది.

వెనకాల మచ్చ తీరిగ్గా నెమరు వేసుకుంటోంది. ఆ చప్పుడు ఫోనులో వినబడుతుందేమోనని నా ప్రమేయం లేకుండానే చెయ్యి ఫోనుకి అడ్డం వెళ్ళింది.

“ఆఖరి బస్సు ఇంకా వెళ్ళలేదు,” అంది పెద్దది. “చెప్పమ్మా.”